ఎవరి నేరస్థుడు?

స్టెఫాన్ నిస్ట్రోమ్ ఆస్ట్రేలియా చేరేనాటికి అతని వయసు 27 రోజులు. తల్లిదండ్రులు అంతకు కొన్నేళ్ల ముందే అక్కడికి వలస వెళ్లి స్థిరపడ్డారు. అక్క అక్కడే పుట్టింది. రెండో కాన్పు దగ్గరపడుతున్న రోజుల్లో తల్లి తనవాళ్లను చూసి రావడానికి స్వీడన్ వెళ్లింది. 1973 డిసెంబర్ 31న ప్రసవం అక్కడే అయింది. పసివాణ్ని ఎత్తుకుని మళ్లీ ఆస్ట్రేలియా వచ్చేసింది. ఆనాటి చట్టం ప్రకారం ఆస్ట్రేలియా గడ్డ మీద పుట్టిన అక్క పుట్టుకతోనే పౌరురాలు. తమ్ముడు కాదు. ఒకే ఇంట్లో పెరిగి ఒకే భాష మాట్లాడిన ఆ ఇద్దరి మధ్య ఉన్న ఈ తేడా కాగితాల మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

నిస్ట్రోమ్ మంచివాడేమీ కాదు. చిన్నతనంలోనే దారి తప్పాడు. అతని నేరాల చిట్టాలో అత్యాచారం ఉంది, ఆయుధంతో దోపిడీ ఉంది, నిప్పు పెట్టడం ఉంది. వాటికి జైలుశిక్షలు పడ్డాయి, అనుభవించాడు. 2004లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అతని వీసా రద్దు చేసింది. కోర్టుల్లో రెండేళ్లు నలిగిన తర్వాత హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, ప్రభుత్వానికే మద్దతు పలికింది. 2006 డిసెంబర్ ఆఖరులో, 33 ఏళ్లు నిండబోతుండగా, స్వీడిష్ మాట్లాడటం రాని ఆ మనిషిని స్వీడన్‌కు పంపేశారు.

చిన్న తప్పు చేసి పెద్ద శిక్షకు గురైన అమాయకుల కథలు ఈ విషయంలో కొల్లలుగా దొరుకుతాయి. అవి విన్నవారి మనసు ఇట్టే కరుగుతుంది. కానీ ఒక సూత్రానికి అసలు పరీక్ష ఎవరూ జాలిపడని మనిషి దగ్గరే. ఘోరమైన తప్పు చేసి, విధించిన శిక్ష పూర్తిగా అనుభవించినవాడు ఆ తర్వాత ఎవరివాడు? అతన్ని పెంచిన సమాజానిదా, అతను పుట్టిన ఆసుపత్రి ఏ దేశంలో ఉందో ఆ దేశానిదా? ఇది వీసా నిబంధనల ప్రశ్నగా కనిపిస్తుంది గానీ, మతాలూ తత్వవేత్తలూ వేల ఏళ్లుగా తలపట్టుకున్న రెండు ప్రశ్నలు దీని లోపల ఉన్నాయి. శిక్షకు గడువు ఉండాలా? పాపానికి పొత్తు ఎవరిది?

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అమెరికాలో 1988లో ‘తీవ్ర నేరాలు’ అనే కొత్త వర్గం పుట్టింది. మొదట అందులో ఉన్నవి హత్య, మాదకద్రవ్యాల వ్యాపారం, ఆయుధాల అక్రమ రవాణా మాత్రమే. 1996లో బిల్ క్లింటన్ సంతకం చేసిన రెండు చట్టాలు ఆ వర్గాన్ని విపరీతంగా పెంచేశాయి. ఏడాది జైలుశిక్ష పడిన దొంగతనం కూడా అందులో చేరింది. ఆ శిక్షను కోర్టు అమలు చేయకుండా నిలిపివేసినా లెక్కలోకి వస్తుంది. గ్రీన్‌కార్డుతో ఎన్ని దశాబ్దాలు ఉన్నా తేడా లేదు. బ్రిటన్‌లో 2007 చట్టం, ఆస్ట్రేలియాలో 2014 డిసెంబర్ సవరణ కూడా దాదాపు ఇదే దారి పట్టాయి. రెండు చోట్లా గీత 12 నెలల జైలు దగ్గరే ఉంది.

ఇదంతా నిలబడింది ఒక వింత వాదం మీద. దేశం నుంచి పంపేయడం శిక్ష కాదు అనేదే ఆ వాదం. అమెరికా సుప్రీంకోర్టు 1893లో ఫాంగ్ యూ టింగ్ కేసులో ఈ మాట చెప్పింది. ఆ కేసులో ఉన్నవాళ్లు నేరస్థులు కూడా కాదు. చైనా నుంచి వచ్చి ఏళ్ల తరబడి కూలి చేసుకుంటున్నవాళ్లు. కొత్త చట్టం అడిగిన నివాస ధ్రువపత్రం వాళ్ల దగ్గర లేదు, అంతే. వాళ్లలో ఒకడు పత్రం కోసం వెళ్తే, నీకు తెల్లజాతి సాక్షి లేడన్నారు. అయినా, పంపేయడం శిక్ష కాదనీ, ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేల్చుకునే అధికారాన్ని దేశం వాడుకోవడమేననీ కోర్టు తేల్చింది. ఇల్లూ వాకిలీ కుటుంబమూ వదిలించి పంపడం శిక్ష కాకపోతే మరేమిటని జస్టిస్ బ్రూవర్ తన అసమ్మతి తీర్పులో ఘాటుగా అడిగారు. ఆ ప్రశ్నకు ఇవాళ్టికీ సరైన జవాబు రాలేదు.

‘శిక్ష కాదు’ అనే ఆ రెండు మాటల ఖరీదు చాలా పెద్దది. శిక్ష కాదు కాబట్టి ప్రభుత్వం ఖర్చుతో లాయరు దొరకడు. శిక్ష కాదు కాబట్టి, నేరం చేసిన నాటికి లేని చట్టాన్ని తర్వాత తెచ్చి వెనక్కి వర్తింపజేయవచ్చు. 1996 చట్టాలు చేసింది సరిగ్గా ఇదే. ఎప్పుడో పదేళ్ల కింద నేరం ఒప్పుకుని, శిక్ష ముగించుకుని, పెళ్లి చేసుకుని, పిల్లల్ని బడికి పంపుతున్నవాళ్ల తలుపులు తట్టాయి. వియత్నాం యుద్ధంలో పనిచేసిన జోస్ పాడిల్లా 40 ఏళ్లకు పైగా అమెరికాలో చట్టబద్ధంగా నివసించిన మనిషి. లారీలో గంజాయి తరలించిన కేసులో నేరం ఒప్పుకునే ముందు తన లాయరును అడిగితే, ఇన్నేళ్లుగా ఉంటున్నావు, నీకేం భయం లేదన్నాడట. ఆ సలహా తప్పు. నేరం ఒప్పుకుంటే దేశం వదలాల్సి రావచ్చని చెప్పడం లాయరు బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టు ఈ కేసులోనే తీర్పిచ్చింది. శిక్ష కాదంటూనే, దాని గురించి హెచ్చరించకపోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కుకు భంగమని ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన పురాణాలు వింటూ పెరిగినవాళ్లకు ఇది శిక్ష కాదనే మాట మింగుడుపడదు. రాముడికి పడింది పధ్నాలుగేళ్లు. పాండవులకు పన్నెండేళ్ల అరణ్యవాసం, ఆపైన ఒక ఏడాది అజ్ఞాతవాసం. అవి ఎంత అన్యాయమైనవైనా వాటికి లెక్క ఉంది. ఆ లెక్క తీరితే తిరిగి రావచ్చు. మహాభారతంలో గడువే లేనట్టు అనిపించే బహిష్కారం ఒక్కడికే పడింది. నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భంలోని పిండం మీద అస్త్రం వదిలిన అశ్వత్థామకు. మనిషి తోడు లేకుండా మూడు వేల ఏళ్లు తిరగమని కృష్ణుడి శాపం. చంపి వదిలేయకుండా ఇలా శపించడంలో ఆ కథ చెప్పినవాళ్ల లెక్క తెలుస్తోంది. వాళ్ల దృష్టిలో అది చావు కంటే పెద్ద శిక్ష. ఊరు వెలివేస్తే బావి నీళ్లూ పొయ్యిలో నిప్పూ పుట్టక మనుషులు ఎలా చితికిపోయారో తెలుగు పల్లెలకు కథల్లో వినక్కర్లేదు.

ధర్మశాస్త్రంలో ఇంకో మాట ఉంది. రాజు విధించిన దండన అనుభవించినవారు పాపం తొలగి, పుణ్యం చేసినవారిలాగే స్వర్గానికి పోతారని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. వాల్మీకి రామాయణం కిష్కింధాకాండలో వాలికి రాముడు చెప్పే సమాధానంలోనూ ఈ మాట వస్తుంది. దండన బాకీ తీరుస్తుందన్నమాట. తీరిన బాకీకి మళ్లీ వసూలు లేదు. అయితే మనువును సాక్షిగా పిలిచినప్పుడు ఆ సాక్షి చెప్పిన మిగతాదీ వినాలి. అదే అధ్యాయం పుట్టుకను బట్టి శిక్షలు మార్చింది. ఇతర వర్ణాలవారికి మరణదండన పడే నేరానికి బ్రాహ్మణుడికి గుండు కొట్టించి, ఆస్తి ముట్టుకోకుండా దేశం దాటిస్తే చాలంది. ఒకే నేరానికి పుట్టుకను బట్టి వేర్వేరు శిక్షలు వేయడం అన్యాయమని ఇవాళ ఏ న్యాయశాస్త్ర విద్యార్థి అయినా తడుముకోకుండా చెబుతాడు. మరి నిస్ట్రోమ్ అక్క అవే నేరాలు చేసి ఉంటే? జైలు నుంచి విడుదలై తన వీధిలోకే వచ్చి ఉండేది. తమ్ముడు భూగోళం అవతలికి పోయాడు. ఇద్దరినీ వేరు చేసింది పుట్టిన చోటు. దానిలో అతని ప్రమేయం కులంలో పుట్టడంలో మనిషికి ఉండే ప్రమేయం కంటే ఎక్కువేమీ కాదు.

బైబిల్ పాత నిబంధనలో ఆరు ఆశ్రయ నగరాలున్నాయి. యొర్దాను నదికి ఇవతల మూడు, అవతల మూడు. పొరపాటున మనిషిని చంపినవాడు రక్తపగ నుంచి తప్పించుకుని అక్కడికి పారిపోవచ్చు. కావాలని చంపినవాడికి అక్కడ చోటు లేదు. ఆ కాలపు ప్రధాన యాజకుడు చనిపోయేదాకా అక్కడే ఉండాలి. ఆ తర్వాత సొంత ఊరికి తిరిగి రావచ్చు. ఆ ప్రవాసానికీ ఒక అంతం ఉంది. సంఖ్యాకాండం ఇంకో సంగతి స్పష్టంగా చెప్పింది. ఆ నగరాలు ఇశ్రాయేలీయులకే కాదు, వాళ్ల మధ్య నివసించే పరదేశికీ తెరిచి ఉండాలి. స్వదేశికీ పరదేశికీ ఒకే చట్టమని లేవీయకాండం కూడా చెబుతుంది. అమెరికాలో 1996 చట్టాలకు చేతులెత్తినవారిలో ఈ గ్రంథం మీద ప్రమాణం చేసి పదవి చేపట్టినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఈ ప్రశ్నకు అందరికంటే దగ్గరగా వచ్చినవాడు ప్లేటో. ‘క్రిటో’ సంభాషణలో సోక్రటీసు జైల్లో ఉన్నాడు. మరణశిక్ష పడింది, వయసు 70. స్నేహితుడు క్రిటో వచ్చి, కాపలావాళ్లను లోబరుచుకున్నాం, థెస్సలీకి పారిపో అంటాడు. సోక్రటీసు ఏథెన్స్ చట్టాలే తన ముందు నిలబడి మాట్లాడుతున్నట్టు ఊహిస్తాడు. నిన్ను పుట్టించిందీ పెంచిందీ చదివించిందీ మేమే అంటాయి ఆ చట్టాలు. నచ్చకపోతే వెళ్లిపోయే వీలున్నా వెళ్లలేదు, పిల్లల్ని ఇక్కడే కన్నావు, అంటే మాతో ఒప్పందం చేసుకున్నట్టే అంటాయి. కాబట్టి మా తీర్పుకు తలవంచు. సోక్రటీసు ఒప్పుకుని విషం తాగాడు.

రెండు వేల నాలుగు వందల ఏళ్లుగా ఈ వాదాన్ని పౌరుడి బాధ్యత గురించిన పాఠంగానే చదువుతున్నారు. కానీ ఒప్పందంలో రెండు పక్షాలుంటాయి. దీర్ఘకాలం ఉండటం మనిషిని నగరానికి కట్టేస్తే, అదే కాలం నగరాన్నీ మనిషికి కట్టేయాలి. పెంచాం కాబట్టి మా బిడ్డవు అని శిక్షించే హక్కు తీసుకున్న చట్టం, శిక్ష పూర్తయ్యాక నువ్వు మా బిడ్డవు కాదు అనగలదా? సోక్రటీసు పౌరుడు కదా, వలస వచ్చినవాడికి ఇది వర్తించదు అనేవారు ఉంటారు. ఏథెన్స్‌లోనూ పౌరసత్వం లేకుండా తరాలుగా బతికిన పరదేశులు ఉన్న మాట నిజమే. కానీ ఆ చట్టాలు చూపిన ఆధారాలను మళ్లీ చూడండి. పెంపకం, చదువు, ఏళ్ల తరబడి నివాసం, పిల్లలు. ఇవేవీ పాస్‌పోర్టులో రాసేవి కావు. నిస్ట్రోమ్ పెరిగిందీ చదివిందీ ఏళ్ల తరబడి బతికిందీ ఆస్ట్రేలియాలోనే. పుట్టుక ఒక్కటే తక్కువ, అదీ 27 రోజుల తేడాతో.

1926లో అమెరికా న్యాయమూర్తి లర్నెడ్ హ్యాండ్ ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. బాల్యంలోనే పోలండ్ నుంచి వచ్చి, నేరాల్లో దోషిగా తేలిన క్లోనిస్ అనే యువకుడిది. చట్టం తన చేతులు కట్టేసిందని హ్యాండ్ ఒప్పుకున్నారు. కానీ తీర్పులో తన మనసు దాచుకోలేదు. ఇతను మనం తయారుచేసిన మనిషి, మన నేల మీద పుట్టినవాడితో సమానం, పోలండ్‌లో ఇతను పూర్తి పరాయివాడు, ఇతనికి ఇది ప్రవాస శిక్షే అనే అర్థం వచ్చేలా రాశారు. నాగరిక సమాజాలు వదిలేసిన శిక్ష ఇది అని కూడా అన్నారు. చట్టం చెప్పింది చేస్తూనే అది తప్పని రాసిపెట్టడానికి ధైర్యం కావాలి.

హ్యాండ్ మాటలు శతాబ్దం కిందివి కదా అనిపిస్తే, సుబ్రమణ్యం వేదం సంగతి చూడాలి. తొమ్మిది నెలల పసివాడిగా భారత్ నుంచి అమెరికా చేరాడు. పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజ్ ఊళ్లో పెరిగాడు. తండ్రి అక్కడి యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1982లో స్నేహితుడి హత్య కేసులో వేదంను అరెస్టు చేశారు, యావజ్జీవం పడింది. జైల్లో డిగ్రీలు సంపాదించాడు, తోటి ఖైదీలకు చదువు చెప్పాడు. తూటా గాయం కొలతల గురించి ప్రాసిక్యూషన్ బయటపెట్టని ఆధారాలు దశాబ్దాల తర్వాత వెలుగులోకి వచ్చాయి. 2025లో కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అక్టోబర్ 3న జైలు గేటు తెరుచుకుంది. నిలబడని తీర్పు వల్ల 43 ఏళ్లు పోగొట్టుకున్న 64 ఏళ్ల మనిషిని ఇంటికి తీసుకెళ్లే అవకాశం కుటుంబానికి దక్కలేదు. ఇమిగ్రేషన్ అధికారులు అక్కడికక్కడే తమ అదుపులోకి తీసుకున్నారు. కారణం 1980లనాటి డిపోర్టేషన్ ఉత్తర్వు. ఇరవై ఏళ్ల వయసు ప్రాంతంలో ఎల్‌ఎస్‌డీ అనే మాదకద్రవ్యం అమ్మిన కేసు ఒకటి అలాగే మిగిలి ఉంది. అతన్ని పంపాలనుకున్నది భారత్‌కు. అతనికి తెలిసిన మనుషులంతా ఉన్నది అమెరికాలో, కెనడాలో.

అవతలి పక్షం మాటల్లో బరువైనది ఒకటుంది. బాధితుల సంగతేమిటి? నిస్ట్రోమ్ చేతిలో నలిగినవాళ్లు అతను తమ దేశంలోనే లేడన్న భరోసా కోరుకుంటే తప్పా? తప్పు కాదు. కానీ బాధితులకు సమాజం బాకీపడినది న్యాయమైన శిక్ష, విడుదల తర్వాత గట్టి నిఘా, రక్షణ. దాడి చేసినవాడు పౌరుడైతే ఆ బాధితురాలికి తక్కువ భయం ఉంటుందా? ప్రమాదకరమైన మనిషిని విమానం ఎక్కించినంత మాత్రాన ప్రమాదం తగ్గదు, చోటు మారుతుంది. స్వీడన్‌లోనూ స్త్రీలున్నారు, పిల్లలున్నారు.

ఈ చోటు మార్పుకు ఎల్ సాల్వడార్ పెద్ద మూల్యం చెల్లించింది. ఎంఎస్-13 ముఠా పుట్టింది ఆ దేశంలో కాదు, 1980లలో లాస్ ఏంజెలెస్ వీధుల్లో. అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారి పిల్లలు అక్కడే ముఠా కట్టారు. 1990లలో వాళ్లను గంపగుత్తగా వెనక్కి పంపారు. యుద్ధంతో కూలిపోయిన చిన్న దేశంలో ఆ ముఠా మహావృక్షమైంది. న్యూజిలాండ్‌కూ ఇదే అనుభవం. ఆస్ట్రేలియా తన వలస చట్టం 501వ సెక్షన్ కింద పంపినవాళ్లను అక్కడ ‘501లు’ అనే పిలుస్తారు. చాలామందికి న్యూజిలాండ్ పసితనపు జ్ఞాపకం కూడా కాదు. మీ మనుషుల్నీ మీ సమస్యల్నీ మా మీద వేయకండని అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ 2020 ఫిబ్రవరిలో సిడ్నీలో, ఆస్ట్రేలియా ప్రధాని స్కాట్ మారిసన్ పక్కన నిలబడి, మొహం మీదే చెప్పేశారు. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ దించిన సుమారు 1,62,000 మంది ఖైదీల శ్రమ మీద మొదలైన దేశం ఆస్ట్రేలియా. ఒకడి నేరస్థుణ్ని ఇంకొకడి తీరంలో దించడం ఎలాంటిదో ఆ దేశానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

కంబోడియా కథ ఇంకా బాధాకరం. ఖ్మేర్ రూజ్ నరమేధం నుంచి తప్పించుకున్న కుటుంబాల పిల్లలు కొందరు థాయ్‌లాండ్ శిబిరాల్లోనే పుట్టి అమెరికాలో పెరిగారు. కంబోడియా మట్టి తొక్కనే లేదు. 2002లో అమెరికాతో ఒప్పందం కుదిరాక, నేరాలు రుజువైనవాళ్లను అక్కడికి పంపడం మొదలైంది. వాళ్లలో లాంగ్ బీచ్‌లో పెరిగిన టుయ్ సోబిల్ ఒకడు. 2004లో నామ్‌పెన్ చేరాడు. వీధి పిల్లలకు బ్రేక్‌డాన్స్ నేర్పుతూ ‘టైనీ టూన్స్’ సంస్థను నిలబెట్టాడు. ఇతన్ని చూపించి, చూశారా, పంపితే బాగుపడ్డాడు అనడం సులువు. మారగల మనిషే అని తేలింది కదా, మరి ఆ మార్పు చూసే ఓపిక పెంచిన ఊరికి ఎందుకు లేకపోయింది?

ఇక రెండో అభ్యంతరం. ఇన్నేళ్లున్నవాళ్లు పౌరసత్వం ఎందుకు తీసుకోలేదు? తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్నలోని చిక్కు బాగా తెలుసు. భారత్ ద్వంద్వ పౌరసత్వం ఇవ్వదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే భారత పౌరసత్వం వదులుకోవాల్సిందే. ఆ ఒక్క కారణంతో గ్రీన్‌కార్డు మీదే ఏళ్లు గడిపిన పెద్దలున్నారు. గ్రీన్‌కార్డే రాక దశాబ్దం దాటి క్యూలో నిలబడినవారు హైదరాబాద్, గుంటూరు, కరీంనగర్ వీధుల్లో ప్రతి నాలుగో ఇంటి బంధువులే అనిపిస్తుంది. వాళ్లకు కోరుకున్నా పౌరసత్వం అందదు. పౌరసత్వం లేనివారికి చిన్న తప్పూ ముప్పే. నైతిక పతనంతో కూడిన నేరం అని అమెరికా చట్టం 1891 నుంచి వాడుతున్న ఒక పడికట్టు మాట ఉంది. దుకాణంలో చేసిన చిల్లర దొంగతనం కూడా అందులోకి రావచ్చు. నైతికత అనే ఇంత పెద్ద మాటకు చట్టంలో నిర్వచనం లేదు. 1951లో అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ జాక్సన్ ఈ అస్పష్టతనే తప్పుపట్టారు. మెజారిటీ వినలేదు.

ఎవరు ఎక్కడివారన్నది కాగితానికి అతీతమని ఒక కోర్టు ఒప్పుకున్న సందర్భం కూడా ఆస్ట్రేలియాదే. డేనియల్ లవ్ పాపువా న్యూగినీలో, బ్రెండన్ థామ్స్ న్యూజిలాండ్‌లో పుట్టారు. ఇద్దరూ ఆస్ట్రేలియా ఆదివాసీ మూలాలున్నవారు, ఇద్దరికీ జైలుశిక్షలు పడ్డాయి. పౌరసత్వం లేదు కాబట్టి పంపేస్తామంది ప్రభుత్వం. 2020 ఫిబ్రవరిలో హైకోర్టు 4-3 మెజారిటీతో, ఆ నేలతో ఆదివాసులకు ఉన్న ఆధ్యాత్మిక బంధం అతి పురాతనమైనదనీ, వాళ్లు ఆ దేశానికి పరాయివాళ్లు కాలేరనీ చెప్పింది. ఆ బంధం ప్రత్యేకమైనది. వలస వచ్చినవాడు దాన్ని తనదిగా చెప్పుకోలేడు. అయినా, మనిషికీ నేలకీ ఉండే సంబంధాన్ని పాస్‌పోర్టు పూర్తిగా పట్టివ్వలేదని ఒక అత్యున్నత న్యాయస్థానం అంగీకరించడం చిన్న విషయం కాదు. నిస్ట్రోమ్ విషయంలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా 2011లో అదే దిశలో నడిచింది. పౌరసత్వం లేకపోయినా ఆస్ట్రేలియా అతని సొంత దేశమేననీ, పంపడం హక్కుల ఉల్లంఘన అనీ తేల్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు.

దేశాలు గీతలు గీయలేవని కాదు. పదమూడేళ్లలోపు వచ్చి అక్కడే పెరిగినవారిని దాదాపు ఏ పరిస్థితుల్లోనూ పంపకూడదని ఫ్రాన్స్ 2003 నవంబర్‌లో చట్టం చేసింది. 2024 జనవరిలో కొత్త చట్టంతో ఆ రక్షణను తనే పలచన చేసుకుంది.

అమెరికాలో క్షమాపణ దారీ ఒకటుంది. రాష్ట్ర గవర్నర్ పూర్తి క్షమాభిక్ష ఇస్తే చాలా నేరాల మీద డిపోర్టేషన్ ఆగిపోతుంది. కాలిఫోర్నియా గవర్నర్‌గా జెర్రీ బ్రౌన్ కొందరు కంబోడియా శరణార్థులకు ఆ మేలు చేశారు. అయితే ఆ క్షమ మాదకద్రవ్యాల నేరాలకు వర్తించదు. హత్య చేసినవాణ్ని గవర్నర్ క్షమిస్తే దేశంలో ఉండనిచ్చే చట్టం, ఎల్‌ఎస్‌డీ అమ్మినవాణ్ని క్షమించినా ఉండనివ్వదు. పాపాలలో ఏది పెద్దదని ఏ మతాన్ని అడిగినా ఈ వరస రాదు. వేదం ముందున్న తలుపు ఇంకొకటి. 1996కు ముందు నేరం ఒప్పుకున్నవాళ్లకు పాత పద్ధతిలో విచారణ కోరే హక్కు ఉందని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విచారణలో ఇమిగ్రేషన్ జడ్జి ఒకవైపు నేరాన్ని, మరోవైపు దేశంలో గడిపిన ఏళ్లనూ కుటుంబాన్నీ వచ్చిన మార్పునూ పెట్టి తూచాలి. 2025 నవంబర్‌లో కోర్టులు వేదంను పంపడాన్ని తాత్కాలికంగా ఆపాయి. అతను అడిగింది ఆ తూకమే. 1996 తర్వాత ‘తీవ్ర నేరం’ కింద దోషులుగా తేలిన గ్రీన్‌కార్డుదారులకు ఆ తూకం కూడా లేదు. వాళ్ల పిల్లల సంగతీ, వాళ్లు గడిపిన ముప్పై నలభై ఏళ్ల సంగతీ వినే అధికారం జడ్జికే లేకుండా చేశారు.